నెలకు 150 జీబీ ఇంట్లో 120 జీబీ ఆట

ప్రతి నెలా పదకొండో తేదీ మా ఇంట్లో చిన్న పండగ. ముందురోజు అర్ధరాత్రి దాటగానే మా నెట్ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలై కొత్త 150 జీబీ వస్తుంది. పదో తేదీ సాయంత్రం అమ్మ "రేపు పదకొండేగా?" అని అడిగిందంటే ఫోన్‌లో ఆవిడ సీరియల్ ఆగి ఆగి వస్తోందని అర్థం. అది ఎవరివల్లో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పేరు పెట్టి అనరు, అంతే.

ఇది స్టీమ్ గురించిన రివ్యూ. స్టీమ్ అంటే వాల్వ్ అనే కంపెనీ వాళ్లది, కంప్యూటర్ ఆటలు కొనుక్కుని దింపుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఏ ఆట బాగుంది, ఏ సేల్‌లో ఎంత తగ్గించారు అన్న విషయాలు ఇక్కడ ఉండవు. నెమ్మదిగా వచ్చే నెట్ మీద, లిమిట్ ఉన్న నెట్ మీద ఆ సాఫ్ట్‌వేర్ ఇంత లావు ఆటలని ఇంటిదాకా ఎలా మోసుకొస్తుంది అన్నదొక్కటే నా విషయం. సిటీలో మంచి ఫైబర్ ఉన్నవాళ్లకి ఈ గోల అక్కర్లేదు. గచ్చిబౌలిలో టెస్టింగ్ ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకూ అక్కర్లేకపోయింది. ఇన్‌స్టాల్ నొక్కి, కిందకెళ్లి టిఫిన్ చేసి వచ్చేసరికి సగం దిగి ఉండేది. ఇప్పుడు ఆకివీడు దగ్గర మా ఊళ్లో నాన్న మేత కొట్టు చూసుకుంటున్నాను. చేపల మేత, రొయ్యల మేత, సున్నం, మందులు. రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేశాక ఆడుకునే గంట గంటన్నరే నాకు మిగిలిన హైదరాబాద్.

నా కంప్యూటర్ 2019లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించింది. ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 కార్డు, విండోస్ కోసం 240 జీబీ ఎస్ఎస్‌డీ, ఆటల కోసం 1 టీబీ హార్డ్ డిస్క్. నెట్ మా ఊరి కేబుల్ ఆయన వేసిన ఫైబర్ లైను. నెలకు 399, జీఎస్టీతో కలిపి 470 రూపాయల 82 పైసలు. 150 జీబీ వరకు 40 ఎంబీపీఎస్, అది దాటాక 2 ఎంబీపీఎస్. ఆయన పేరు అనవసరం. అర్ధరాత్రి దాటాక నిజంగానే 39 దాకా వస్తుంది, సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఏడో ఎనిమిదో వస్తుంది. ఊరంతా అదే టైములో టీవీలకీ ఫోన్లకీ అతుక్కుంటుంది మరి. అడిగితే "చూస్తామండి, ఆయ్" అంటారు. నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

అసలు ఈ కథ లాక్‌డౌన్‌లో మొదలైంది. 2020 మే నెల 14 నుంచి 21 దాకా స్టీమ్ లాంటిదే ఇంకోటైన ఎపిక్ గేమ్స్ స్టోర్ వాళ్లు జీటీఏ 5 అనే ఆటని ఉచితంగా ఇచ్చారు. మొదటిరోజు జనం తాకిడికి ఆ స్టోరే కొన్ని గంటలు పడిపోయింది. నేనూ క్యూలో నిలబడినవాడినే. అప్పటికి మా ఊళ్లో ఫైబర్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీ, అందులో ఒకటిన్నర ఆఫీసు పనికే పోయేది. ఆట తొంభై జీబీ పైమాటే. మిగిలిన అర జీబీ చొప్పున లెక్కేస్తే ఆరు నెలలు! ఉచితం అన్న మాటకి అర్థం ఆ రోజు తెలిసింది. ఆటని నా ఖాతాలో వేసుకుని ఊరుకున్నాను. అలా ఖాతాలో వేసుకోవడానికి డౌన్‌లోడ్ చేయాల్సిన పని లేదు, ఆ వారంలో బటన్ నొక్కితే చాలు. ఈ సంగతి తెలియక "మా నెట్‌కి అది రాదులే" అని వదిలేసుకున్నవాళ్లు నా స్నేహితుల్లోనే ముగ్గురున్నారు. అదే ఆట 2015లో కంప్యూటర్‌కి పెట్టెలో అమ్మినప్పుడు ఏడు డీవీడీల మీద వచ్చింది. ఏడు డిస్కులా అని అప్పుడు నవ్వుకున్నాం. లాక్‌డౌన్‌లో ఆ ఏడు డిస్కులు ఎవరైనా ఇస్తే కళ్లకద్దుకునేవాణ్ణి.

ఫైబర్ వచ్చిన కొత్తలో ఓ రాత్రి నాన్న నా వెనక నిలబడి స్క్రీన్ చూశారు. స్టీమ్‌లో వేగం 4.9 ఎంబీ అని చూపిస్తోంది.

"ఎంత అన్నాడ్రా కేబుల్ వాడు?"

"నలభై నాన్నా."

"నలభైకి డబ్బు తీసుకుని ఐదు తూస్తున్నాడా? మన కొట్లో అలా తూస్తే రైతు కాటా ఎత్తుకెళ్లి చెరువులో పడేస్తాడు."

బిట్లు వేరు, బైట్లు వేరు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, నెట్ వాళ్లు బిట్లలో చెబుతారు, స్టీమ్ బైట్లలో చూపిస్తోంది, నలభైని ఎనిమిదితో భాగిస్తే ఐదు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే బస్తాల్లో చెప్పాల్సింది కేజీల్లో చెప్పి పెద్ద అంకె చూపిస్తున్నాడన్నమాట" అన్నారు. ఇంతకన్నా బాగా ఇంకెవరూ చెప్పలేరు. స్టీమ్ సెట్టింగుల్లో డౌన్‌లోడ్స్ అనే చోట ఈ వేగాన్ని బిట్లలో చూపించమనే ఆప్షన్ కూడా ఉంది. అది పెట్టుకుంటే మీ ప్లాన్ అంకెతో సూటిగా పోల్చుకోవచ్చు. నేను పెట్టుకోలేదు. నాకు బస్తాల లెక్కే అలవాటు.

ఈ లెక్క ఒంటబట్టించుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. 40 ఎంబీపీఎస్ నిండుగా వస్తే గంటకు 18 జీబీ. 8 వస్తే గంటకు 3.6 జీబీ. లిమిట్ దాటాక వచ్చే 2 ఎంబీపీఎస్‌కి గంటకు 900 ఎంబీ, రోజంతా ఇంట్లో ఇంకెవరూ ఫోన్ ముట్టుకోకపోతే 21 జీబీ చిల్లర. 120 జీబీ ఆటకి ఐదున్నర రోజులు. అన్నట్టు, 2023 జనవరిలో మన ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉన్నా బ్రాడ్‌బ్యాండే. మా కేబుల్ ఆయన సరిగ్గా ఆ గీత మీదే నిలబడ్డాడు.

ఇక ఆట సంగతి. 2023 చివర్లో వచ్చిన వింటర్ సేల్‌లో, అది ముగిసే ముందురోజు, జనవరి 3న రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కొన్నాను. ఆన్‌లైన్ భాగం కూడా అందులోనే ఉంటుంది. కొనే పేజీలో 150 జీబీ అని ఉంటుంది. అది డిస్క్‌లో కావాల్సిన చోటు. నెట్ మీద దిగాల్సింది ఎంతన్నది ఇన్‌స్టాల్ నొక్కి డౌన్‌లోడ్ పేజీలోకి వెళితే గానీ తేలదు. స్టీమ్ మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. జీబీ లెక్కన బతికేవాడికి ఆ అంకె ధర పక్కనే ఉండాలి. కొనే ముందే చూసుకోవాలంటే స్టీమ్‌డీబీ అనే బయటి సైట్‌లో ఒక్కో ఆటకీ డిస్క్ సైజు, డౌన్‌లోడ్ సైజు విడివిడిగా దొరుకుతాయి. నాకు తేలింది 119 జీబీ.

నా పద్ధతి ఇది. పదకొండుకి లెక్క మారుతుంది కాబట్టి తొమ్మిదో తేదీన ఎంత మిగిలిందో చూస్తాను. మిగిలినదంతా ఆటకి. ఎలాగూ పదో తేదీ దాటితే అది మురిగిపోతుంది. ఆ జనవరి 9న 44 జీబీ మిగిలింది. రాత్రి ఒంటిగంటకి రెజ్యూమ్ నొక్కి, మూడున్నరకి అలారం పెట్టుకుని పడుకున్నాను. అలారం ఎందుకంటే ఇన్ని జీబీ దిగాక దానంతటదే ఆగిపోయే ఏర్పాటు స్టీమ్‌లో లేదు. వేగానికి కళ్లెం వేయొచ్చు, అప్‌డేట్లకి టైము పెట్టొచ్చు, కానీ "నలభై నాలుగు జీబీ దిగాక ఆగు" అనడానికి బటన్ లేదు. నాకు కావాల్సింది అదొక్కటే. నిద్రకళ్లతో లేచి పాజ్ నొక్కి వస్తుంటే హాల్లో అమ్మ, "ఏరా, కడుపులో బాగోలేదా?" అంది. అవునన్నాను. 119 జీబీ ఆట గురించి తెల్లవారుజామున మూడున్నరకి ఎవరికి చెబుతాం?

మిగతా 75 జీబీని 11, 12 తేదీల రాత్రుల్లో దింపాను. రెండో రాత్రి 80 శాతం దగ్గర కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, రూటర్ మాత్రమే ఉంటాయి, కంప్యూటర్ పెట్టకూడదని ఇంటి రూలు. అరగంటకి కరెంటు వచ్చాక ఆన్ చేస్తే అదే 80 దగ్గర నుంచి మళ్లీ మొదలైంది. స్టీమ్‌కి నేను సగం మార్కులు ఈ ఒక్కదానికే ఇస్తాను. దాని లోపలి పద్ధతి ఏంటంటే ఆట ఫైళ్లని సుమారు ఒక్కో ఎంబీ ముక్కలుగా నరికి, కుదించి పంపుతుంది. ఒక్కో ముక్కా చేరాక సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేసుకుంటుంది. మధ్యలో తెగితే పోయేది చేతిలో ఉన్న నాలుగు ముక్కలే, చేరినవి చేరినట్టే ఉంటాయి. నెల రోజులు ఆపి తర్వాత మొదలుపెట్టినా అంతే. 2008లో భీమవరంలో చదువుకునేటప్పుడు నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి డౌన్‌లోడ్ పెట్టుకుంటే 97 శాతం దగ్గర లైన్ తెగి మొత్తం పోయేది. ఆ బాధ పడ్డవాడికే ఈ సుఖం విలువ తెలుస్తుంది.

అయితే అదే నెలలో సంక్రాంతి. 13న అక్కావాళ్లు, పిన్నివాళ్లు దిగారు. భోగి నాటికి మా వైఫైకి పదకొండు ఫోన్లు. పందేల వీడియోలు ఒకరికొకరు పంపుకోవడం, పిల్లలు యూట్యూబ్, రాత్రి పెద్దవాళ్లంతా కలిసి టీవీకి ఫోన్ కలిపి సినిమా. నేను వాడేయగా మిగిలిన 75 జీబీ 18వ తేదీ మధ్యాహ్నానికి అయిపోయింది. మిగతా ఇరవై మూడు రోజులూ 2 ఎంబీపీఎస్. డాలస్‌లో ఉన్న చిన్నక్కతో అమ్మ వీడియో కాల్ మాట్లాడుతుంటే అక్క మొహం చతురస్రాలు చతురస్రాలుగా విడిపోయేది. అమ్మ నావైపు చూసేది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, నెమ్మది నెట్ ఉన్నవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే ఆటని తిప్పి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చని స్టీమ్ నియమం. మంచి నియమమే. కాకపోతే ఆ 14 రోజులు కొన్న క్షణం నుంచి లెక్క, దిగిన క్షణం నుంచి కాదు. నేను 3న కొన్నాను, గడువు 17తో సరి. ఆట 13 తెల్లవారుజామున దిగింది, చుట్టాలు వెళ్లాక 18 రాత్రి మొదటిసారి తెరిచాను. అది నా కంప్యూటర్‌లో నడవకపోయి ఉంటే గడువు అప్పటికే దాటిపోయింది. అదృష్టం కొద్దీ నడిచింది, నచ్చింది కూడా. మొదటి గంటంతా మంచులో గుర్రం మీద నెమ్మదిగా పోవడమే. మా నెట్‌కి తగ్గట్టే ఉంది అనుకున్నాను. ఆ తర్వాత నుంచి డబ్బు పెట్టి కొనే ఆట ఏదైనా సరే, బిల్లు తేదీ చూసుకునే కొంటున్నాను. సేల్ అయిపోతోందని కంగారుపడి కొనడం మానేశాను, మళ్లీ సేల్ ఎలాగూ వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది మొదటి డౌన్‌లోడ్ గురించి. అది పెళ్లి ఖర్చు లాంటిది, ఎంతైనా ఒక్కసారే. అసలు ఖర్చు కాపురంలో ఉంటుంది. ఆన్‌లైన్ ఆటకి అప్‌డేట్లే కాపురం. సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో మన దగ్గరా అదే ఉండాలి, లేకపోతే లోపలికి రానివ్వదు. నిజానికి ఆడటానికి డేటా పెద్దగా ఖర్చు కాదు. 2 ఎంబీపీఎస్ మీద కూడా ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడకపోతే కౌంటర్ స్ట్రైక్ 2 సుఖంగా ఆడుకోవచ్చు, వాల్వ్ సర్వర్లు చెన్నై, ముంబైల్లోనే ఉన్నాయి. తినేదంతా అప్‌డేటే.

ఒకసారి తణుకులో మా పెద్దనాన్నగారి మనవడి పెళ్లికి నాలుగు రోజులు వెళ్లాను. కొట్టు లెక్కల కోసం తమ్ముడు వాడుకుంటాడని కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచాను. తిరిగొచ్చేసరికి మూడు ఆటలు వాటంతటవే అప్‌డేట్ అయి 37 జీబీ హరించాయి. వాటిల్లో రెండు ఆటలు నేను అప్పటికి ఐదు నెలలుగా ముట్టుకోలేదు. ఇందులో స్టీమ్ తప్పేమీ లేదు, ఆప్షన్ ఉండి కూడా నేను మార్చుకోలేదు. ఒక్కో ఆట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అప్‌డేట్స్ దగ్గరికి వెళితే "ఆట తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ చెయ్యి" అనేది ఉంటుంది. లిమిట్ ఉన్న నెట్ మీద ఉన్నవాళ్లు ఆట ఎక్కించగానే చేయాల్సిన మొదటి పని అదే. రోజూ ఆడే ఆట ఒక్కదాన్నే అలా పెట్టకుండా వదిలి, దాని అప్‌డేట్లు రాత్రి ఒంటిగంట నుంచి ఆరు మధ్యలోనే రావాలని టైము పెట్టుకున్నాను. పగలు ఏదైనా తప్పనిసరిగా దింపాల్సి వస్తే సెకనుకు 1 ఎంబీ దాటకుండా కళ్లెం వేస్తాను. అమ్మ సీరియల్‌కి అది చాలా ముఖ్యం. మనం ఆట ఆడుతుంటే మిగతా డౌన్‌లోడ్లని తనే ఆపేస్తుంది, అది ముందునుంచీ అలాగే పెట్టి ఉంటుంది, మార్చకండి.

అప్‌డేట్ల గురించి ఇంకొకటి. కొన్నిసార్లు డౌన్‌లోడ్ 400 ఎంబీయే ఉంటుంది, కానీ పూర్తవడానికి గంట పడుతుంది. మావాళ్లు వెంటనే నెట్‌ని తిడతారు. డౌన్‌లోడ్ పేజీలో నీలం గీతలు నెట్‌వి, ఆకుపచ్చ గీత డిస్క్‌ది. నీలం ఆగిపోయి ఆకుపచ్చ ఆడుతోందంటే నెట్ పని అయిపోయింది, మీ హార్డ్ డిస్క్ రాళ్లు మోస్తోందని అర్థం. చాలా ఆటలు తమ సరుకంతా రెండు మూడు పెద్ద పెద్ద మూటల్లో కడతాయి. మూటలో ఒక చొక్కా మార్చాలన్నా మూట మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. దింపేది మారిన ముక్కల్నే, కట్టేది మాత్రం మూట మొత్తం. అందుకే డిస్క్‌లో ఆటకి సరిపడా చోటు ఉంటే చాలదు, మూట పక్కన పెట్టుకుని కట్టడానికి కూడా ఖాళీ ఉండాలి.

హార్డ్ డిస్క్ మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. హెల్‌డైవర్స్ 2 అని ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి ఆడే ఆట ఉంది. అది కంప్యూటర్‌లో దాదాపు 154 జీబీ తినేది. ప్లేస్టేషన్‌లో మాత్రం అందులో నాలుగో వంతు కూడా లేదు. ఎందుకంటే పాత తరహా హార్డ్ డిస్క్‌లో ముల్లు అటూ ఇటూ తిరిగి వెతుక్కోవాలి కాబట్టి, వెతుకులాట తగ్గించడానికి ఒకే ఫైల్‌ని చాలాచోట్ల కాపీలు పెట్టారు. అంటే నాలాంటి హార్డ్ డిస్క్ వాళ్ల సౌకర్యం కోసమన్నమాట! తీరా 2025 చివర్లో తయారీదారులైన యారోహెడ్ వాళ్లు నిక్సెస్ అనే కంపెనీతో కలిసి ఆ కాపీలన్నీ ఏరిపారేస్తే ఆట 23 జీబీకి దిగింది. లోడింగ్ టైములో తేడా కొన్ని సెకన్లే అని వాళ్లే చెప్పారు. నూట ముప్పై ఒక్క జీబీ మిగులు! మా ఇంట్లో అది దాదాపు నెల రేషన్. నా సౌకర్యం కోసమని పెట్టే ముందు నన్నొక మాట అడిగి ఉంటే, కొన్ని సెకన్లు ఆగగలను బాబూ, నెలంతా ఆగలేను అని చెప్పేవాణ్ణి. ఆట లావుగా ఉందంటే దానికి కారణం ఎప్పుడూ బొమ్మల అందమే కాదని ఆ రోజు నుంచి నమ్మకం కుదిరింది. కొందరు మాత్రం హై క్వాలిటీ బొమ్మల్ని, వేరే భాషల మాటల్ని విడి ప్యాకులుగా ఇస్తారు, టిక్ తీసేస్తే దిగవు. కాల్ ఆఫ్ డ్యూటీలో అయితే కథ భాగం అక్కర్లేకపోతే అది తీసేసి ఆన్‌లైన్ భాగం ఒక్కటే ఉంచుకోవచ్చు. ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఆ టిక్కులు ఒకసారి చూసుకోండి.

నెట్ లేకుండా ఆటలు తెచ్చుకునే దారులు రెండున్నాయి. మొదటిది మా మేనల్లుడు చూపించాడు. విజయవాడలో బావగారింట్లో మంచి ఫైబర్ ఉంది. వాడు ఇంటర్ అయ్యాక సెలవులకి లాప్‌టాప్ వేసుకుని వచ్చాడు. నేను కౌంటర్ స్ట్రైక్ 2 దింపాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నాను, పేజీలో 85 జీబీ చోటు అడుగుతోంది. వాడు "మావయ్యా, నా దాంట్లో ఉందిగా, నెట్ ఎందుకు తగలేస్తావ్?" అన్నాడు. 2023లో స్టీమ్‌లో వచ్చిన సదుపాయం అది. ఒకే ఇంటి రూటర్‌కి తగిలించిన రెండు కంప్యూటర్ల మధ్య ఆట ఫైళ్లు నేరుగా వెళతాయి. రెండు చోట్లా స్టీమ్ తెరిచి లాగిన్ అయి ఉండాలి, సెట్టింగుల్లో స్నేహితులకి ఇవ్వొచ్చని పెట్టాలి. తీసుకునేవాడి ఖాతాలో కూడా ఆ ఆట ఉండాలి, ఇది ఉచిత ఆట కాబట్టి ఆ సమస్య లేదు. సెకనుకు 11 ఎంబీ చొప్పున గంటన్నర లోపే వచ్చేసింది. 11 దగ్గరే ఎందుకు ఆగిందంటే కేబుల్ ఆయన ఇచ్చిన రూటర్‌లో వైరు తగిలించే పోర్టులు వంద ఎంబీపీఎస్ రకం. అదీ మన చేతిలో ఉన్నదే కదా అని సరిపెట్టుకున్నాను. నెల లెక్కలో తగ్గింది నామమాత్రం. ఆ రాత్రి వాడికి కొట్టు పక్కన బండి మీద రెండు ప్లేట్లు నూడుల్స్ ఇప్పించాను.

రెండో దారి ఆర్టీసీ బస్సు. కేపీహెచ్‌బీలో ఉండే పాత రూమ్మేట్ నా 1 టీబీ పోర్టబుల్ డిస్క్‌లో, మా ఇద్దరి ఖాతాల్లోనూ ఉన్న ఆటల్ని నాలుగింటిని కాపీ చేసి కార్గోలో వేశాడు. మొత్తం 480 జీబీ. సాయంత్రం ఏడుకి అక్కడ ఇచ్చాడు, మర్నాడు పొద్దున ఏడుకి భీమవరం బస్టాండులో తీసుకున్నాను. పన్నెండు గంటల్లో 480 జీబీ అంటే ఎంత వేగమో లెక్కేశాను. 89 ఎంబీపీఎస్! అది కూడా రాత్రి భోజనానికి దారిలో అరగంట ఆగిన వేగం. మా ఊళ్లో ఇంతవరకు ఏ కంపెనీ అంత స్పీడ్ ఇవ్వలేదు.

అలా తెచ్చిన ఫైళ్లని స్టీమ్ ఫోల్డర్‌లో సరైన చోట పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్నవాటిని గుర్తుపట్టి, అన్నీ తనిఖీ చేసుకుని, తేడా ఉన్నవాటినే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. స్టీమ్‌లోనే బ్యాకప్ చేసే ఆప్షన్ కూడా ఉంది, అదైతే ఫోల్డర్లలో తప్పు చేసే భయం లేదు. నా పాత హార్డ్ డిస్క్ మీద తనిఖీకే రెండు గంటలు పట్టింది. నాలుగు ఆటలకీ కలిపి నెట్ నుంచి దిగింది 6 జీబీ. ఇందులో దొంగతనం ఏమీ లేదు, ఖాతాలో ఆట లేకపోతే ఆ ఫైళ్లు ఉన్నా చాలా ఆటలు తెరుచుకోవు. పైగా ఇందాకటి 14 రోజుల చిక్కుకి కూడా ఇదే మందు. ఫైళ్లు ముందే తెచ్చి పెట్టుకుని తర్వాత కొంటే ఆ రాత్రే ఆడి చూసుకోవచ్చు.

5జీ ఉందిగా అంటారు. ఉంది. మా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన. రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే 5జీ అపరిమితం అని 2024 జూలైలో పెద్ద కంపెనీలు రూలు మార్చాయి, నా ఫోన్‌కి అంత ప్లాన్ లేదు. ఒకసారి స్నేహితుడి ఫోన్ ట్యాంకు పక్కన పెట్టి హాట్‌స్పాట్ మీద ప్రయత్నించాను. గంటలో 20 జీబీ దిగింది, తర్వాత ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. మే నెల ఎండలో డాబా మీద పెట్టిన నాది తప్పు. ఆ ఫోన్ బ్యాటరీ ఇప్పుడు కాస్త ఉబ్బినట్టుందని వాడు అంటున్నాడు. నాకైతే మామూలుగానే కనబడుతోంది.

స్టీమ్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. కోత పెట్టిన ఒకటీ ఆ "ఇన్ని జీబీ దిగాక ఆగు" బటన్ లేనందుకు, ధర పక్కన డౌన్‌లోడ్ సైజు లేనందుకు. కేబుల్ ఆయనకి రెండు. అర్ధరాత్రి వేగానికి ఒకటి, కరెంటు పోయినా లైను పోనందుకు ఒకటి. బస్సుకి ఐదుకి ఐదు.

ఈ రోజు తొమ్మిదో తేదీ. 31 జీబీ మిగిలి ఉంది. మేనల్లుడు డోటా 2 అనే ఆట దింపి ఉంచమని ఫోన్ చేశాడు, వచ్చే వారం వస్తున్నాడట. "లాప్‌టాప్‌లో నువ్వే దింపుకుని తీసుకురారా" అన్నాను. "అక్కడా లిమిట్ పెట్టారు మావయ్యా, నాన్న ప్లాన్ తగ్గించేశాడు" అన్నాడు. ఒంటిగంటకి మొదలుపెడతాను. అలారం రెండున్నరకి పెట్టాను.